జావా రిపోర్టు గంటసేపు నడుస్తుంటే జాప్యం ఎక్కడో పట్టుకోవడం ఎలా?

రాత్రి నడిచే మీ జావా రిపోర్టు గంట తీసుకుంటోందని, ముఖ్యమైన ఫంక్షన్లన్నిటికీ సమయం ప్రింటు చేయించినా జాప్యం ఎక్కడో తేలలేదని రాశారు. నాలుగేళ్ల కిందట నేనూ ఇదే పని చేశాను. మాది నెలాఖరు బిల్లుల రిపోర్టు, నలభై నిమిషాలు పట్టేది. తప్పంతా డేటాబేసుదేనని టీములో అందరి నమ్మకం. రెండు రోజులు కూర్చుని ఇండెక్సులు (డేటాబేసులో వెతుకులాటను వేగం చేసే సూచికలు) చేర్చాను. ఒక్క నిమిషం కూడా తగ్గలేదు.

టైమరును మనకు అనుమానం ఉన్నచోటే పెడతాం. అందుకే అది మన అనుమానాన్ని దాటి ఏమీ చెప్పదు.

అనుమానంతో పనిలేని దారి స్టాక్ ట్రేస్. అది తీయడం ఆకస్మిక తనిఖీ లాంటిది. ప్రోగ్రాం నడుస్తుండగా చెప్పాపెట్టకుండా వెళ్లి, ఈ క్షణంలో ఏ ఫంక్షన్‌లో ఉంది, దాన్ని ఎవరు పిలిచారు, వాళ్లను ఎవరు పిలిచారు అని రాసుకుని వస్తాం. జావా డెవలప్‌మెంట్ కిట్‌తో వచ్చే జెస్టాక్ (jstack) అనే కమాండుకు నడుస్తున్న ప్రోగ్రాం ప్రాసెస్ నంబరు ఇస్తే చాలు. కోడు మార్చనక్కర్లేదు, ప్రోగ్రాం ఆపనక్కర్లేదు. మీ గంటలో ఆరేసి నిమిషాలకు ఒకటి చొప్పున పది తీయండి. పదితో ఏం తెలుస్తుందని నేనూ అనుకున్నాను. కానీ లెక్క వేసి చూడండి: మొత్తం సమయంలో 30 శాతం మింగే చోటు పది తనిఖీల్లో ఒక్కసారి కూడా చిక్కకపోయే అవకాశం 3 శాతం లోపే.

నాకు వచ్చిన పదింటిలో ఏడింట మా మెయిన్ థ్రెడ్డుకు (ప్రోగ్రాంలో ప్రధాన పని నడిచే పాయ) పై వరుసలో ఈక్వల్స్ అనే పోలిక ఫంక్షన్ కూర్చుని ఉంది. అక్కడే ఆగితే ‘పోలిక నెమ్మదిగా ఉంది’ అనే పనికిరాని సమాధానం వస్తుంది. కాబట్టి కిందికి చదువుకుంటూ వెళ్లాలి: ఈక్వల్స్‌ను పిలిచింది అర్రేలిస్ట్ అనే జాబితాలో ఒక అంశం ఉందో లేదో వెతికే కంటెయిన్స్, దాన్ని పిలిచింది ఒకే బిల్లు రెండుసార్లు రాకుండా చూసే మా ఫంక్షన్. నేనే రాశాను. టైమరు పెట్టనిది కూడా అక్కడే. సుమారు 4 లక్షల బిల్లులు. ప్రతి కొత్త బిల్లునూ అప్పటిదాకా పోగైన జాబితా మొత్తంతో పోలుస్తోంది. సగటున 2 లక్షల పోలికలనుకున్నా మొత్తం 8,000 కోట్లు! అర్రేలిస్ట్ తీసి, జాబితా అంతా తిరగకుండా నేరుగా వెతికే హాష్‌సెట్ పెట్టాను (అది వెతకడానికి వాడే హాష్‌కోడ్ అనే సంఖ్య సరిగా ఉందో లేదో ముందు చూసుకున్నాను). నలభై కాస్తా పన్నెండు నిమిషాలయింది.

మళ్లీ పది తీశాను. ఈసారి ఎక్కువ ట్రేసుల్లో సాకెట్‌రీడ్0 (నెట్‌వర్కు నుంచి డేటా చదివే ఫంక్షన్) కనిపించింది. ఇక్కడ ఒక మెలిక ఉంది. మేం వాడిన జావా 8లో ఆ థ్రెడ్డు స్థితి ‘రన్నబుల్’, అంటే నడుస్తోంది, అని ఉంటుంది. ప్రాసెసర్‌ను వాడేస్తోందని పొరబడకండి, అది నెట్‌వర్కు నుంచి జవాబు కోసం ఎదురుచూస్తోంది. కింది వరుసలు చూస్తే డేటాబేసుకు బిల్లుకొక క్వెరీ (ప్రశ్న) చొప్పున పంపుతున్నాం. వెయ్యేసి బిల్లులకు ఒకటిగా మార్చాక మొత్తం మూడు నిమిషాల్లో ముగిసింది. డేటాబేసు మీద అనుమానం పూర్తిగా తప్పు కాదన్నమాట. అయితే దాని వంతు రెండోది, ఇండెక్సుతో తీరేదీ కాదు.

జెస్టాక్ థ్రెడ్లన్నిటినీ సురక్షితమైన చోటుకు తెచ్చి క్షణకాలం ఆపాకే స్టాక్ చదువుతుంది కాబట్టి చిన్న చిన్న లూపుల విషయంలో కాస్త పక్క వరుసను చూపించవచ్చు. అంత సూక్ష్మంగా కావాలంటే అసింక్ ప్రొఫైలర్ (async-profiler) అనే పరికరం వాడండి. వేల ట్రేసులు తీసి, వాటిని పెట్టెల దొంతరగా చూపే ఫ్లేమ్ గ్రాఫ్ గీసి ఇస్తుంది. ఆ బొమ్మలో పెట్టె వెడల్పు ఆ ఫంక్షన్ ఎన్ని ట్రేసుల్లో కనిపించిందో చెబుతుంది. ఎడమ నుంచి కుడికి కాలక్రమం అనుకుని నేను ఒక పూట వృథా చేశాను. పైథాన్ వాళ్లకైతే ఇలాంటిదే పై-స్పై (py-spy) ఉంది, అదీ నడుస్తున్న ప్రాసెసుకే తగులుకుంటుంది.

జెస్టాక్‌ను ప్రోగ్రాం ఏ యూజరు పేరుతో నడుస్తోందో ఆ పేరుతోనే నడపండి, లేకపోతే తిరస్కరించవచ్చు. సర్వరులో జెస్టాక్ లేకపోతే లినక్స్‌లో ‘కిల్ -3’ ఇవ్వండి. పేరు చూసి భయపడకండి, జావా ప్రాసెస్ చావదు. మొదటిసారి ఇచ్చినప్పుడు నా చేయి వణికింది, పైగా తెరమీద ఏమీ రాలేదు. ట్రేస్ వచ్చేది ప్రోగ్రాం సొంత అవుట్‌పుట్‌లోకి, కాబట్టి దాని లాగ్ ఫైల్లో వెతకండి.