ఈస్ట్‌కీ మెదడు జబ్బుకీ ఏమిటి సంబంధం?

ప్రశ్న: మా మామయ్యగారికి పార్కిన్సన్స్. ఈస్ట్ మీద పరిశోధన చేసినాయనకు నోబెల్ వచ్చిందట. అది ఈ జబ్బుకు పనికొస్తుందా, మేడమ్?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఆయన జపాన్‌కు చెందిన యోషినోరి ఓసుమి అమ్మా, నోబెల్ 2016లో వచ్చింది. అరిగించే ఎంజైములు లేని ఈస్ట్ కణాలను పస్తుంచి మైక్రోస్కోపులో చూశారు. లోపలి సంచిలో బుడగలు గిలగిలా కదులుతున్నాయి! కణం తన పాత సామానునే మూటగట్టి, అరిగించడానికి అక్కడికి పంపుతోందన్నమాట. కణం చేసుకునే ఈ శుభ్రతనే ఆటోఫజీ అంటారు. క్లాసులో ఇది చెప్పినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరించేది.

ఎలుకల మెదడు కణాల్లో ఈ శుభ్రత ఆపేస్తే ప్రోటీన్ చెత్త పేరుకుని, కదలికలు తడబడ్డాయని 2006లో తేలింది. పార్కిన్సన్స్‌లోనూ మెదడు కణాల్లో ప్రోటీన్ చెత్త పేరుకుంటుంది, సంబంధం అదేనమ్మా. క్యాన్సర్‌లో మాత్రం తిరకాసు ఉంది. మొదట్లో ఈ శుభ్రతే కణాన్ని కాపాడుతుంది, కణితి పెరిగాక దాన్నే బతికించవచ్చు.

ఉపవాసముంటే ఈ శుభ్రత పెరుగుతుందనే వీడియోలు చూసి మామయ్యగారిచేత ఉపవాసాలు చేయించకండమ్మా. మాత్రలు వేళకు ఇవ్వండి.