పేరులేని పువ్వు ఎక్కడ చూశావు?

బిడ్డా,

నీ కథ అందింది. అమ్మ పాత్ర బాగుంది. కానీ నాలుగో పేజీ దగ్గర నాకు ఒళ్లు మండింది.

పరకాల పక్క ఊళ్లో పుట్టినదానివి. పత్తిచేను గట్టు మీద నీ నాయిక "పేరు తెలియని అడవి పువ్వు" తెంపి, సువాసనకు మైమరచిపోతుందా? పొడుగు కంకి, కింద వెండి తెలుపు, కొసకు గులాబీ రంగు అని నువ్వే రాశావు. అది గునుగు! మైమరచేంత వాసన దానికెక్కడిది?

పేరు తెలియదంటూనే ఫుట్‌నోట్‌లో "సెలోషియా క్రిస్టాటా" అని పెట్టావు. అది పెరట్లో పెంచుకునే కోడిజుట్టు పువ్వు. గునుగు సెలోషియా అర్జెంటియా. రెండూ తోటకూర కుటుంబమే. 1753లో స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ వేర్వేరు పేర్లు పెడితే, తర్వాతివాళ్లు కోడిజుట్టును అర్జెంటియాలోనే ఒక రకంగా కలిపేశారు. అర్జెంటియా అంటే వెండి వన్నెది. మన దేశానికి ఎన్నడూ రాని మనిషి పెట్టిన పేరులో ఆ వెండి ఉంది. చేన్ల పక్కన పెరిగిన నీకేమో దానికి లేని వాసన దొరికింది.

పువ్వును పిలిచేవాళ్లకు దానితో ఏదో పని ఉంటుంది. కథకు కావాల్సింది ఆ పని. కలుపు తీసే ఆమెకు గునుగు శని. లేత ఆకు తెంపుకునే ఆమెకు పూటకు కూర. పెత్రమాస వచ్చిందంటే అదే బతుకమ్మ పువ్వు. రేకులు కాగితంలా పొడిగా ఉంటాయి, తొందరగా వాడవు, రంగునీళ్లలో ముంచితే పట్టుకుంటాయి. నీ నాయిక వీళ్లలో ఎవరు?

నేను కొత్తగా రాసే రోజుల్లో ఒక వారపత్రిక సంపాదకులు నా కథలో గునుగు కొట్టేసి "వనకుసుమం" అని వేశారు. గునుగంటే పాఠకులకు అర్థం కాదట! మా అమ్మ ఆ కథ చదివించుకుని, "ఇది ఏ చెట్టుది రా?" అంది. పంతానికి తర్వాతి కథ నిండా గునుగు, తంగేడు పెట్టి పంపాను. నేను స్టాంపులు అంటించి ఇచ్చిన కవర్లోనే తిరిగొచ్చింది. ఇప్పుడేమో దసరా సంచికకు బతుకమ్మ లేని కథ వద్దంటున్నారు. ఆ కథల్లో పువ్వులన్నీ రంగులే, ఒక్కదానికీ మొక్క ఉండదు.

లాటిన్ పేరు వద్దనను. నీ కథలో కాకతీయ యూనివర్సిటీలో బాటనీ చదివే తమ్ముడున్నాడుగా? హెర్బేరియం షీటు మీద మొక్క అతికిస్తూ వాణ్నే అననీ. పక్కనే తల్లి గునుగు అంటుంది. ఫుట్‌నోట్ తీసెయ్.

పోటీ గురించి, పుస్తకం గురించి అడిగినవి ఇంకోసారి చూద్దాం. ముందు నాలుగో పేజీ మార్చి పంపు. అదొక్కటే పంపు, కథంతా మళ్లీ చదివే ఓపిక నా కళ్లకు లేదు.