రిపోర్టులో ‘హై రిస్క్’ అని వస్తే

అమ్మలూ,

నువ్వు పంపిన డబుల్ మార్కర్ రిపోర్టు, అదే బిడ్డకు క్రోమోజోముల తేడా ఉండే అవకాశం ఎంతో మూడో నెలలో అంచనా వేసే రక్తపరీక్ష రిపోర్టు, మొత్తం చదివాను. ట్రైసోమీ 21 (21వ క్రోమోజోము రెండుకు బదులు మూడు ఉండే డౌన్ సిండ్రోమ్) ఎదురుగా 1:120 అని, పక్కన ఎర్రక్షరాల్లో ‘హై రిస్క్’ అని ఉంది. ఆ రెండు మాటలు తప్ప మిగతా పేజీ నీ కంటికి ఆని ఉండదు. అందుకే ముందు వాటి సంగతే తేల్చుకుందాం.

1:120 అంటే, అచ్చం నీలాంటి లెక్కలే వచ్చిన 120 మంది గర్భిణుల్లో ఒకరి బిడ్డకు డౌన్ సిండ్రోమ్ ఉండొచ్చు, 119 మంది బిడ్డలకు ఉండదు. నూటికి ఒకటి కూడా కాదు. మరి హై రిస్క్ అని ఎందుకు రాశారంటే, ప్రతి ల్యాబూ ఒక గీత గీసుకుంటుంది. కొన్నిచోట్ల అది 1:150, కొన్నిచోట్ల 1:250. గీత దాటితే కంప్యూటరే ఎర్రరంగు వేసేస్తుంది. 1:240 వచ్చినామె ఒక ల్యాబులో హై రిస్క్, ఇంకో ల్యాబులో లో రిస్క్. బిడ్డ మాత్రం ఒకటే. కాబట్టి రంగు చూడకు, అంకె చూడు.

ఈ పరీక్ష జల్లెడ లాంటిది. నిజంగా ఇబ్బంది ఉన్న గర్భం జారిపోకూడదని కన్నాలు కావాలనే సన్నగా పెడతారు. అందుకే ఏమీ లేనివాళ్లు కూడా బోలెడుమంది అందులో చిక్కుకుంటారు. బిడ్డ మెడ వెనక నీటిపొరను కొలిచే ఎన్‌టీ స్కాన్, ఈ రక్తపరీక్ష కలిపి చేస్తే డౌన్ సిండ్రోమ్ ఉన్న గర్భాల్లో నూటికి 85 నుంచి 90 దాకా దొరుకుతాయి. దానికి బదులుగా, ఏ సమస్యా లేనివాళ్లలో నూటికి ఐదుగురిని ఊరికే ఆపుతుంది. పదివేల మందికి చేశారనుకో. అందులో 20 మంది బిడ్డలకు డౌన్ సిండ్రోమ్ ఉందనుకో. 17, 18 మంది పట్టుబడతారు. వాళ్లతోపాటు బిడ్డ బాగున్న తల్లులు దాదాపు 500 మందికి కూడా ఇదే ఎర్రక్షరం వస్తుంది. నువ్వు ఇప్పుడు ఉన్నది ఆ 500 పైచిలుకు మంది వరసలో.

ఇప్పుడు రిపోర్టులో నీ వివరాలు రాసిన చోటికి వెళ్లు. పుట్టిన తేదీ, బరువు, స్కాన్ తేదీ, రక్తం ఇచ్చిన తేదీ, సీఆర్‌ఎల్ అని రాసే బిడ్డ పొడవు, ఒక్క బిడ్డా కవలలా, షుగర్ ఉందా, పొగ తాగే అలవాటుందా, ఐవీఎఫ్ గర్భమా అన్నవన్నీ వేలు పెట్టి ఒక్కొక్కటే సరిచూడు. ఇవి మొక్కుబడిగా నింపే గడులు కావు. రక్తంలో దొరికిన పదార్థాన్ని, ఆ వారంలో మామూలుగా ఉండే మధ్యస్థ విలువతో భాగించి, బరువును బట్టి సరిచేసి, ‘ఎంఓఎం’ అని రాస్తారు. అది 1 దగ్గర ఉంటే మామూలు. వారాలు తప్పు పడితే భాగించే అంకే తప్పు అవుతుంది. ఈ పరీక్ష రక్తంలో కొలిచేది రెండు పదార్థాల్ని. వాటిలో పాప్-ఏ అనేది వారం వారం పెరుగుతుంది, బీటా హెచ్‌సీజీ పదో వారం దాటాక తగ్గుతుంది. నిజానికి 11 వారాలే అయి, కాగితం మీద 12 అని పడిందనుకో, మొదటిది తక్కువగా, రెండోది ఎక్కువగా కనిపిస్తాయి. డౌన్ సిండ్రోమ్ గర్భాల్లో కనిపించే తీరు కూడా సరిగ్గా అదే. అండం వేరొకరిదైన ఐవీఎఫ్ గర్భంలో తల్లి వయసు వేసేయడం మరో పొరపాటు, అక్కడ అండం ఇచ్చినామె వయసు వెయ్యాలి.

తప్పు కనబడితే మళ్లీ రక్తం ఇవ్వనక్కర్లేదు. సరైన వివరాలతో లెక్క తిరిగి వెయ్యమని డాక్టర్ చేత ల్యాబుకు రాయించు. అన్నీ సరిగ్గానే ఉంటే మాత్రం, మంచి అంకె వస్తుందేమోనని ఇదే పరీక్ష ఇంకో ల్యాబులో చేయించకు. రెండు అంకెల్లో దేన్ని నమ్మాలో తెలీక ఇంకో వారం పోతుంది తప్ప తేలేది ఏమీ ఉండదు.

నీ రిపోర్టులో బిడ్డ మెడ వెనక నీటిపొర, అదే ఎన్‌టీ, 1.9 మి.మీ. దాని గురించి దిగులు లేదు. అది 3.5 మి.మీ. గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే దారి వేరు. అప్పుడు రక్తపరీక్ష అంకెతో పనిలేకుండా నేరుగా నిర్ధారణ పరీక్షకు వెళ్లాలి, క్రోమోజోములు బాగున్నా బిడ్డ గుండెను విడిగా చూడాలి. నీ అంకెను పైకి లాగింది పాప్-ఏ, 0.38 ఎంఓఎం ఉంది. అది మాయ (ప్లాసెంటా) నుంచి వచ్చే పదార్థం. క్రోమోజోములు బాగున్నాయని తేలినా సరే, అది ఇంత తక్కువగా ఉందంటే బిడ్డ ఎదుగుదల మందగించే అవకాశం, నీకు బీపీ పెరిగే అవకాశం కొంచెం ఎక్కువ. చివరి మూడు నెలల్లో ఎదుగుదల స్కాన్లు ఎప్పుడెప్పుడో, ఆ బీపీ ముప్పు తగ్గించడానికి ఇచ్చే ఆస్పిరిన్ నీకు అవసరమా కాదా ఈసారి వెళ్లినప్పుడే అడుగు. ఆస్పిరిన్ మొదలుపెట్టేదైతే 16 వారాల లోపు మొదలుపెట్టడం మంచిది. హై రిస్క్ గొడవలో పడి అందరూ మర్చిపోయే విషయం ఇదే.

ఇక ముందున్న దారులు. ఒకటి ఎన్‌ఐపీటీ. నీ చేతి నుంచి రక్తం తీసుకుని, అందులో తిరిగే మాయ తాలూకు డీఎన్‌ఏ ముక్కల్ని లెక్కపెడతారు. పదో వారం నుంచి చేయొచ్చు, గర్భానికి ఏ ప్రమాదమూ లేదు. డౌన్ సిండ్రోమ్‌ను నూటికి 99 సార్లు పట్టుకుంటుంది. ఈ 99 దగ్గరే చాలామంది పొరబడతారు. పరీక్ష 99 పట్టుకుంటుందంటే, పాజిటివ్ వచ్చినవాళ్లలో 99 మందికి ఉన్నట్టు కాదు. వెయ్యిమంది ఆరోగ్యవంతుల్లో ఒకరికి పొరపాటున పాజిటివ్ వస్తుందనుకుని లెక్క వేసి చూడు. పాతికేళ్ల వయసువాళ్లు పదివేల మందిలో డౌన్ సిండ్రోమ్ గర్భాలు సుమారు 10 అయితే, పొరపాటు పాజిటివ్‌లు మరో 10. అంటే సగానికి సగం. నలభై ఏళ్లవాళ్లలో అసలైనవి సుమారు 100, పొరపాటువి 10. అక్కడ పాజిటివ్ వస్తే దాదాపు నిజమే. సెక్స్ క్రోమోజోములు, మైక్రోడిలీషన్లు (క్రోమోజోములో చిన్న ముక్క లేకపోవడం) అంటూ ప్యాకేజీలో కలిపి అమ్మే వాటిలో పొరపాట్లు ఇంకా ఎక్కువ. అవి అడగకపోతేనే నీకు మనశ్శాంతి.

పొరపాటు ఎందుకొస్తుందంటే, ఆ డీఎన్‌ఏ బిడ్డది కాదు, మాయది. అప్పుడప్పుడు తేడా మాయలోనే ఉండి బిడ్డలో ఉండదు. మొదట్లో కవలలుగా ఉండి ఒకటి కరిగిపోయినా ఇలా రావచ్చు. అందుకని ఎన్‌ఐపీటీ ఒక్కదాన్ని పట్టుకుని గర్భం గురించి ఏ నిర్ణయమూ తీసుకోకూడదు. ఈ ఒక్క మాట మీద గట్టిగా నిలబడు, ఎవరు తొందరపెట్టినా సరే. ఒక్కోసారి ‘ఫలితం రాలేదు’ అని కూడా వస్తుంది. తల్లి బరువు ఎక్కువైనా, మరీ తొందరగా రక్తం ఇచ్చినా, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ ఇంజెక్షన్లు వాడుతున్నా మాయ డీఎన్‌ఏ పాలు తక్కువగా ఉంటుంది. ఎందుకు రాలేదో అడిగి, మళ్లీ ఇవ్వాలా, నేరుగా నిర్ధారణకు వెళ్లాలా అన్నది అప్పుడు తేల్చుకోవాలి.

రెండో దారి నిర్ధారణ పరీక్ష. 11 నుంచి 14 వారాల మధ్య అయితే మాయ నుంచి చిన్న ముక్క తీస్తారు, సీవీఎస్ అంటారు. 15 వారాలు నిండాక అయితే ఉమ్మనీరు తీస్తారు. అనుభవం ఉన్న చేతుల్లో వీటివల్ల గర్భం పోయే ప్రమాదం 200లో ఒకటి కంటే తక్కువ. అందుకే ‘వారానికి ఇలాంటివి ఎన్ని చేస్తారు?’ అని డాక్టర్‌ని మొహమాటం లేకుండా అడుగు. సీవీఎస్‌లో నూటికి ఒకరిద్దరికి మాయలో రెండు రకాల కణాలు కలిసి కనిపించి, తర్వాత ఉమ్మనీరు కూడా తీయాల్సి వస్తుంది.

ఉమ్మనీరు తీయడం ఎలా ఉంటుందో తెలిస్తే సగం భయం పోతుంది. నువ్వు వెల్లకిలా పడుకుంటావు, స్కాన్ తెరమీద బిడ్డ ఎక్కడుందో చూస్తూ, దూరంగా నీరున్న చోట సన్నటి పొడవాటి సూది దించుతారు. 15 నుంచి 20 మి.లీ. తీస్తారు. లేత పసుపు రంగులో ఉంటుంది, బిడ్డ ఆ నీటిని మళ్లీ భర్తీ చేసుకుంటుంది. సూది లోపల ఉండేది ఒకటి రెండు నిమిషాలే. గర్భసంచిని దాటేటప్పుడు నొప్పికంటే పట్టేసినట్టు ఉంటుంది. ఆరోజు బరువులెత్తకు, ఎవరైనా తోడుండి ఇంటికి తీసుకెళ్లాలి. తర్వాత కింద నుంచి నీళ్లు కారినా, రక్తం కనిపించినా, జ్వరం వచ్చినా, నొప్పి తగ్గకుండా పెరుగుతున్నా తెల్లారేదాకా ఆగకు, వెంటనే ఆస్పత్రికి వెళ్లు. నీ బ్లడ్ గ్రూప్ నెగటివ్ అయితే, బిడ్డ రక్తకణాలకు ఎదురుగా నీ ఒంట్లో యాంటీబాడీలు తయారవకుండా యాంటీ-డీ ఇంజెక్షన్ అవసరం. హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి రిపోర్టులు కూడా ముందే చూపించాలి.

21, 18, 13 క్రోమోజోముల ఫలితం రెండు మూడు పనిదినాల్లో వస్తుంది. కణాలు పెంచి చూసే పూర్తి రిపోర్టుకు రెండు మూడు వారాలు పడుతుంది. ఫోన్ ఎవరు చేస్తారు, ఏరోజు చేస్తారు అన్నది పరీక్షరోజే రాయించుకో.

రెండిట్లో ఏది అంటావా? నీ ఎన్‌టీ మామూలుగా ఉంది, స్కాన్‌లో ఇంకేమీ లేదు, వారాలూ చేతిలో ఉన్నాయి. నన్నడిగితే ముందు ఎన్‌ఐపీటీ. అది నెగటివ్ వస్తే సూది అవసరం దాదాపు తప్పుతుంది. కానీ ‘నూటికి నూరు తెలియనిదే నిద్రపట్టదు’ అనిపిస్తే నేరుగా ఉమ్మనీరు పరీక్షకే వెళ్లు, అదీ తప్పు కాదు. ఏ పరీక్షా వద్దు, ఏ బిడ్డ అయినా నా బిడ్డే అనుకుంటే, ఇక్కడితో ఆపేసే హక్కు కూడా నీదే. ఏది ఎంచుకున్నా, ముందు నువ్వూ అల్లుడూ ఒకసారి కూర్చుని, జవాబు ‘అవును’ అని వస్తే ఏం చేస్తామో పైకి మాట్లాడుకోండి. గర్భం ఆపుకునే విషయంలో చట్టం ఎన్ని వారాల గడువు ఇస్తుందో దేశాన్ని బట్టి మారుతుంది. మీ మనసు ఎటున్నా, ఆ గడువేదో ఇప్పుడే కనుక్కోండి. రిపోర్టు ఆలస్యమై, నిర్ణయం మీ చేతుల్లోంచి జారిపోకూడదు.

ఇది నీవల్ల వచ్చింది కాదమ్మా. తిన్నదానివల్లో, ఎత్తిన బరువువల్లో, పడ్డ గొడవవల్లో అదనపు క్రోమోజోము రాదు. చాలావరకు అది అండం తయారయ్యేటప్పుడే, గర్భం నిలవకముందే జరిగిపోయే విషయం. ఇంట్లో ఎవరైనా ‘నువ్వు అప్పుడే జాగ్రత్తపడి ఉంటే’ అని మొదలుపెడితే, అల్లుడితో ఈ మాట చెప్పించు. నువ్వు వాదించకు.

ఎదురుచూసే రోజులు పరీక్షకన్నా కష్టం. ఈ విషయం ఇద్దరు ముగ్గురికి మించి చెప్పకు. చెప్పిన ప్రతివాళ్లూ ‘ఏమైంది’ అని అడుగుతారు, జవాబు లేని ప్రశ్నను రోజుకు పదిసార్లు మోయాలి. ఫోన్‌లో వెతకడానికి పగటిపూట అరగంట పెట్టుకో, పడుకునే ముందు వద్దు. రాత్రి వచ్చిన ప్రశ్నల్ని కాగితం మీద రాసి పెట్టుకో, డాక్టర్ దగ్గర తల తిరుగుతున్నప్పుడు అవే ఆదుకుంటాయి. ఫలితం చెప్పే ఫోన్ ఆఫీసులో ఉన్నప్పుడు ఎత్తకు. ఇంటికెళ్లి, ఇద్దరూ కూర్చుని తిరిగి చెయ్యండి. అల్లుడు ఏమీ మాట్లాడకపోతే పట్టించుకోవడం లేదనుకోకు. భయం ఒకరిని మాట్లాడిస్తుంది, ఇంకొకరి నోరు కట్టేస్తుంది. బిడ్డతో మాట్లాడాలనిపించకపోయినా, స్కాన్ ఫొటో బీరువాలో పెట్టేయాలనిపించినా నువ్వు చెడ్డతల్లివి కావు. అయితే వారాల తరబడి తిండీ నిద్రా లేకపోతే ఆ మాట డాక్టర్‌కి చెప్పాలి. చచ్చిపోవాలనిపిస్తే మాత్రం ఆ క్షణమే ఎవరినైనా తోడు తీసుకుని వెళ్లాలి. నిద్రమాత్రలు సొంతంగా వేసుకోవద్దు.

అంతా బాగుందని వస్తే, 18 నుంచి 22 వారాల మధ్య చేసే వివరమైన స్కాన్ మానకు. ఎన్‌ఐపీటీ వెన్నెముకనీ గుండెనీ చూడదు. ఆ స్కాన్‌లో ‘గుండెలో తెల్లచుక్క’, ‘మెదడులో చిన్న నీటితిత్తి’ అని ఒంటరిగా కనిపిస్తే, ఎన్‌ఐపీటీ నెగటివ్ అయ్యాక వాటికి విలువ లేదు. మెడ వెనక చర్మం 6 మి.మీ. లేదా పైన ఉంటే, ముక్కు ఎముక కనిపించకపోతే మాత్రం పట్టించుకోవాలి.

డౌన్ సిండ్రోమ్ అని నిర్ధారణ అయితే, ఆరోజే ఏదీ తేల్చేయకండి. జెనెటిక్ కౌన్సెలర్‌నీ, పిల్లల డాక్టర్‌నీ కలవండి. అలాంటి పిల్లల్ని పెంచుతున్న తల్లిదండ్రులతో కూడా ఒక గంట మాట్లాడండి, డాక్టర్లు చెప్పలేనివి వాళ్లు చెప్తారు. ఈ పిల్లల్లో దాదాపు సగంమందికి గుండెలో లోపం ఉంటుంది, చాలావాటిని ఆపరేషన్‌తో సరిచేయొచ్చు. చదువు, మాట ఎంతవరకు వస్తాయన్నది ఏ రిపోర్టూ ముందే చెప్పలేదు. ట్రైసోమీ 18, 13 సంగతి వేరు, వాటిలో ఎక్కువమంది పిల్లలు మొదటి ఏడాది దాటరు. కొనసాగించినా, ఆపుకున్నా, ఆ నిర్ణయం మీ ఇద్దరిది. బయటివాళ్లకు అందులో ఓటు లేదు, నాక్కూడా.

రేపు పొద్దున్నే డాక్టర్‌కి ఫోన్ చేసి, వీలైనంత త్వరగా టైమ్ తీసుకో. వెళ్లేటప్పుడు ఎన్‌టీ స్కాన్ అసలు రిపోర్టు, బ్లడ్ గ్రూప్ కాగితం, రక్తం ఇచ్చిన రోజు నీ బరువెంతో రాసిన చీటీ తీసుకెళ్లు. అల్లుడు తప్పకుండా పక్కన ఉండాలి. అక్కడ విన్నవి నీకు సగం కూడా గుర్తుండవు, తనని రాసుకోమను.

పెద్దమ్మ