టబ్బులు తీసేస్తుంటే మీరెందుకు మాట్లాడలేదు?

ప్రశ్న: నాకు 36 ఏండ్లు. మాది యాదాద్రి జిల్లాల ఒక ఊరు. గీత పని చేసేటోణ్ని. ఐదేండ్ల కింద తాటిచెట్టు మీదికెల్లి పడి వెన్నుపూస దెబ్బతిన్నది. నడుము కింద స్పర్శ లేదు, చక్రాల కుర్చీలనే ఉంటున్న. నా భార్య పత్తి ఏరనీకి, నాట్లకు కూలికి పోతది. ఇంటెనక రెండు గుంటల జాగ ఉన్నది. కూరగాయలు పెట్టాలని పాత టబ్బులల్ల మెంతి చల్లిన. మొలకలొచ్చినంక అమ్మ వాటిని పక్కింటోళ్లకు ఇచ్చేసింది. "కాళ్లు లేని నా కొడుకుతోని మట్టి పని చేపిస్తున్నవా" అని నా భార్యను తిట్టింది. అప్పటిసంది వాళ్లిద్దరికి మాటల్లేవు. ఏ పంట పెడితే నెలకు పదివేలొస్తయో చెప్పండి. పైసలొస్తే అమ్మ ఒప్పుకుంటది.

జవాబు: పదివేల లెక్క పక్కన పెట్టండి. రెండు గుంటల్లో ఇంటికి సరిపడా కూరలు పండుతాయి, మిగిలితే నాలుగు కట్టలు అమ్ముకోవచ్చు. నెలనెలా పదివేలు వస్తాయని ఎవరన్నా చెబితే నమ్మకండి. అయినా మీ పెరట్లో మీరు చెయ్యి పెట్టడానికి లాభం చూపించి అనుమతి తెచ్చుకోవాలా?

అత్తాకోడళ్లకు మాటల్లేవని రాశారు, ఆ తగువులో మీరు లేనట్టే రాశారు. తమ్ముడూ, అది వాళ్లిద్దరి తగువు కాదు. మెంతులు చల్లింది మీరు. టబ్బులు తీసేసింది అమ్మ. తిట్లు పడింది మాత్రం పొద్దంతా చేన్లో నడుం వంచి ఇంటికొచ్చిన మనిషి. "అమ్మా, అవి నేనే పెట్టిన, నాతో ఎవరూ చేపించలేదు" అని మీరు అడ్డుపడ్డట్టు ఉత్తరంలో ఎక్కడా లేదు. అనలేదు కాబట్టే రాయలేదనుకుంటున్నాను. ఆ మాట మీరు మీ భార్యకు బాకీ.

మీ అమ్మను తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. కొడుకు చెట్టు మీంచి పడ్డాడన్న కబురు విన్న తల్లి ఆమె. ఇన్నేళ్లుగా ఒళ్లు తుడిచి, పక్క మార్చి చేస్తున్న చాకిరీని తక్కువ చేసే హక్కు ఎవరికీ లేదు. కానీ ఆ చాకిరీలో మీరు ఆమెకు మళ్లీ చంటిపిల్లాడయ్యారు. మీకూ అది అలవాటైపోయింది. వద్దనాల్సింది అమ్మ అంటుంది, పడాల్సింది భార్య పడుతుంది, మీరు మధ్యలో నొచ్చుకుంటూ కూర్చుంటారు. పెళ్లయిన మగవాడు తను చేసిన పనికి తల్లి చేత భార్యను తిట్టించకూడదు. దీని మీద నాకు రెండో అభిప్రాయం లేదు. చక్రాల కుర్చీలో ఉన్నా అంతే, మోకు ముస్తాదు వేసుకుని చెట్టెక్కుతున్నా అంతే.

అమ్మతో మాట్లాడండి. భార్య పనికి పోయినప్పుడు చాటుగా కాదు, ఆమె వింటుండగా. తిట్లు ఆమె ముందే పడ్డాయి కదా. గొంతు పెంచొద్దు. మట్టి పని మీ ఇష్టమని, ఇకమీద పెరట్లో ఏం పెట్టాలో, ఏం తీయాలో మిమ్మల్ని అడగాలని చెప్పండి. అమ్మ ఏడుస్తుంది. ఏడ్చినా మాట వెనక్కి తీసుకోకండి. ఇంకో సంగతి: తెలంగాణలో దివ్యాంగుల పింఛనును 2023 జులైలో నెలకు 4,016 రూపాయలకు పెంచారు, ఆ తర్వాత దానికి చేయూత అని పేరు మార్చారు. మీకూ వస్తూ ఉండాలి. ఆ డబ్బు ఎవరి చేతిలో ఉంటోందో మీరు రాయలేదు. అమ్మ చేతిలో ఉంటే, వచ్చే నెల నుంచి అందులో కొంత పెరటి కోసం అడిగి తీసుకోండి.

అమ్మ భయాల్లో ఉత్తివి కానివీ ఉన్నాయి, వాటిని కొట్టిపారేయకండి. నడుము కింద స్పర్శ లేని మనిషికి ఒకేచోట కూర్చుంటే పుండు పడుతుంది, పడ్డ సంగతి తెలియదు. పావుగంటకో ఇరవై నిమిషాలకో చేతుల మీద బరువు వేసి ఒళ్లు పైకెత్తండి, లేదా ఒక నిమిషం పైగా పక్కకు ఒరిగి ఉండండి. రాత్రి పిరుదులు, మడమలు భార్య చేత చూపించుకోండి. ఎండలో కాగిన కుర్చీ ఇనుము, పైపులో నిలిచిన నీళ్లు తొడ కాలుస్తాయి, మీకు తెలియనే తెలియదు. అందుకే పొద్దు పొడవగానే మొదలుపెట్టి, ఎండెక్కకముందే పని ముగించుకోండి. కాళ్లకు బూట్లు ఉండాలి. తడి మట్టి ఒళ్లో పెట్టుకోవద్దు. చెట్లెక్కిన భుజాలని ధీమాతో బరువులు లేపొద్దు. కుర్చీలోకి ఎక్కాలన్నా, దిగాలన్నా, తోసుకుపోవాలన్నా మీకు ఆధారం ఆ భుజాలే. మట్టి బస్తాలు ఇంకొకరు మోయాలి. ఆ సాయం అడగడం నామోషీ కాదు.

నేల మీద మడులు కట్టొద్దు. బావులకు వాడే సిమెంటు ఒరలు, అడుగు ఎత్తువి, రెండేసి ఒకదానిపై ఒకటి పెట్టించండి. అడుగున ఇటుక ముక్కలు, ఎండాకులు, పైన ఎర్రమట్టి, పశువుల ఎరువు. ఒర మూడడుగుల వెడల్పు మించకపోతే చుట్టూ తిరిగి నడిమి దాకా చెయ్యి అందుతుంది. వంగ, మిరప వాటిలో పెట్టండి. అయితే ఒర పక్కన నడుము తిప్పి ఎక్కువసేపు పని చేస్తే వెన్ను నొస్తుంది. ఆకుకూరలకు ఇనుప స్టాండు చేయించి, దాని మీద లోతు తక్కువ తొట్టి పెట్టించండి. కింద మోకాళ్లు దూరేంత ఎత్తుండాలి, కుర్చీతో కొలిపించుకున్నాకే వెల్డింగ్ చేయించండి. మెంతి, తోటకూర నెల లోపే చేతికొస్తాయి. మొదట అవే వేయండి, తొందరగా పళ్లెంలోకి వస్తే ఇంట్లో వాదన తగ్గుతుంది. దారికి షాబాద్ బండలు, కనీసం మూడడుగుల వెడల్పు, కుర్చీ తిప్పుకునే చోట ఐదడుగులు. వెనక గుమ్మం అడుగు ఎత్తుంటే ర్యాంపు పన్నెండడుగులు పొడవుండాలి. అంతకన్నా నిటారుగా కట్టిస్తామంటే ఒప్పుకోవద్దు.

మిరుగుకు బీర, సొర పెట్టి పందిరి లేపండి. ఎండిన సొరబుర్రలో బూడిద కలిపి విత్తనం దాచే పద్ధతి మీ అమ్మకు తెలిసే ఉంటుంది, ఆ పని ఆమెను అడగండి. ఆమెను బుజ్జగించడానికి కాదు, అది మీకు నిజంగా కావాలి కాబట్టి. పందిరి గుంజలు పాతేది మీ భార్య అవుతుంది, తీగ పాకించేది మీరు అవుతారు. ముగ్గురూ ఒకే పెరట్లో పని మీద ఉంటే ఒకరినొకరు ఏదో ఒకటి అడగక తప్పదు. వాళ్ల మౌనాన్ని మీరు రాయబారాలతో విడగొట్టాల్సిన అవసరం ఉండదు.

పక్కింటివాళ్లను అడిగి ఆ టబ్బులు వెనక్కి తెప్పించండి. అమ్మను పంపొద్దు, భార్యను పంపొద్దు. గడప దాకా కుర్చీ పోతుంది కదా, మీరే పిలిచి అడగండి.