జింకల జోలికి రావద్దని అడిగే ముందు

చిన్నీకి పెద్దనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన అర్జీ రాత్రి రెండుసార్లు చదివాను. మీ క్యాంపస్‌లో జింకల సంఖ్య తగ్గించాలని వచ్చే నెల మీటింగ్‌లో తీర్మానం పెడుతున్నారని, ఒకాయన లేచి ‘బయటి దేశాల్లో అయితే కాల్చేస్తారు’ అన్నాడని, దానికి కొందరు చప్పట్లు కొట్టారని రాశావు. ఆ చప్పట్ల దగ్గరే నాకు చదవడం ఆగిపోయింది. ముప్పై మూడేళ్లు అటవీశాఖలో పనిచేసినవాణ్ణి, దెబ్బ తగిలిన జింక పిల్లల్ని ఈ చేతులతో మోసినవాణ్ణి. నాకు బాధగా ఉంది. నువ్వు ఎదురు నిలబడినందుకు గర్వంగానూ ఉంది. కానీ అర్జీ మాత్రం ఇప్పుడున్నట్టు ఇవ్వకు. ముఖ్యంగా చివరి వాక్యం, ‘ఒక్క జింకను కూడా ఇక్కణ్ణుంచి కదలనివ్వం’ అన్నది, కొట్టెయ్. ఎందుకో చెప్తాను, ఓపిగ్గా చదువు.

ముందు నీ టెన్షన్ తగ్గిద్దాం. జింకల్ని చంపాలని తీర్మానించే అధికారం ఏ క్యాంపస్ కమిటీకీ, ఏ కాలనీ సంఘానికీ లేదు. మీ గోడల మధ్య తిరుగుతున్నంత మాత్రాన అవి మీ సంస్థ సొత్తు అయిపోవు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని 2022లో సవరించాక మీ దగ్గర తిరిగే ఈ చుక్కల జింక రెండో షెడ్యూల్‌లో, అంటే వేటాడకూడని జంతువుల జాబితాలో, ఉంది. ఆ చట్టంలో వేట అంటే తుపాకీ పేల్చడం ఒక్కటే కాదు. పట్టుకోవడం, ఉచ్చు వేయడం, తరమడం కూడా వేట కిందికే వస్తాయి. అనుమతి ఇవ్వగలిగింది రాష్ట్రంలో వన్యప్రాణుల బాధ్యత చూసే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్, లేదా ఆయన అధికారం ఇచ్చిన అధికారి. అదీ ఆ జంతువు మనిషి ప్రాణానికో, ఆస్తికో, పంటకో ప్రమాదంగా మారిందని, లేదంటే కోలుకోలేనంతగా జబ్బుపడిందని నమ్మకం కుదిరి, కారణాలు చూపిస్తూ రాతపూర్వకంగా ఇవ్వాలి.

అలాగని ధీమాగా కూర్చోవద్దు. ‘ఆస్తికి ప్రమాదం’ అన్న మాటను లాగితే చాలా దూరం సాగుతుంది. ఫలానా ప్రాంతంలో, ఫలానా కాలానికి ఒక జంతువును హానికర జంతువుగా కేంద్రం ప్రకటించే వీలూ చట్టంలో ఉంది. 2015, 2016లలో బిహార్‌లో నీల్‌గాయిలను, హిమాచల్ ప్రదేశ్‌లో కోతులను అలాగే ప్రకటించారు. నీల్‌గాయిలను కాల్చి చంపారు కూడా. కాబట్టి చట్టం మనవైపు ఉందని వదిలెయ్యకుండా, మీటింగ్ నోట్ కాపీ ఒకటి రాతపూర్వకంగా అడుగు. మీ సంస్థ ప్రభుత్వానిదే కాబట్టి, ఇవ్వకపోతే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టు. ముప్పై రోజుల్లో జవాబు చెప్పాలి. వాళ్లు అటవీశాఖకు ఏం రాశారో, ఏ మాట వాడారో కళ్లారా చూడకుండా ఎవరినీ హంతకులు అనకు. ‘తగ్గించడం’ అంటే కాల్చడమో, తరలించడమో, పిల్లలు పుట్టకుండా చూడడమో, వాళ్లకే ఇంకా తెలియకపోవచ్చు.

ఇక అసలు పని. నీ అర్జీలో ‘సుమారు వంద జింకలు’ అని ఉంది. వాళ్లేమో మూడు వందలు దాటాయంటున్నారు. ఇటు మీరూ లెక్కపెట్టలేదు, అటు వాళ్లూ లెక్కపెట్టలేదు. ముందు లెక్కపెట్టండి. మీ క్యాంపస్‌ను నాలుగు ముక్కలు చేసుకుని, ముక్కకు ఇద్దరు చొప్పున, అందరూ ఒకే సమయానికి, తెల్లవారుజామున బయల్దేరాలి. ఎండ ఎక్కితే అవి నీడల్లోకి పోయి పడుకుంటాయి, సగం కూడా కంటపడవు. ఒకరు చూడాలి, ఒకరు రాయాలి. కొమ్ముల మగవి, ఆడవి, పిల్లలు వేర్వేరుగా రాయండి. మగవాటికి ఏటా కొమ్ములు రాలి కొత్తవి వస్తాయి కాబట్టి కొమ్ములేని మగది కనిపిస్తే కంగారుపడి ఆడవాటిలో కలిపెయ్యొద్దు. నుదుటి మీద కొమ్ములు రాలినచోట బొడిపెలు ఉంటాయి, మెడ లావుగా ఉంటుంది. ఏ మంద ఎటు నడుస్తోందో, టైమ్ ఎంతైందో రాసుకుంటే ఒకే మందను రెండు చోట్ల లెక్కించే పొరపాటు ఉండదు. వరసగా మూడు రోజులు చెయ్యండి. వానలు పడ్డాక మళ్లీ ఒకసారి.

ఆడవాటి లెక్క ఎందుకంత ముఖ్యమంటే, మంద పెరిగేది వాటిని బట్టే. చుక్కల జింక ఏడున్నర నెలలు మోస్తుంది, మామూలుగా ఒక్క పిల్లనే కంటుంది. ఫలానా కాలంలోనే ఈనాలని లేదు, ఏడాది పొడవునా పిల్లలు కనిపిస్తూనే ఉంటాయి. వేటాడే పెద్ద జంతువు లేనిచోట, నీళ్లూ పచ్చగడ్డీ దొరికేచోట, కొన్నేళ్లలోనే మంద రెట్టింపవుతుంది.

నడుస్తున్నప్పుడు చెట్లు కూడా చూడు. జింక వెనక కాళ్ల మీద లేచి మూతి చాచితే ఎంత ఎత్తు అందుతుందో, అంతవరకు రేగు కొమ్మల్లో, జువ్వి కొమ్మల్లో ఆకు లేకుండా, పైన మాత్రం గుబురుగా, కత్తెర పట్టి కోసినట్టు ఒక గీత కనిపిస్తుంది. కింద మొలకలు తల తుంచేసి ఉంటాయి. ఆ గీత మీ దగ్గర కనిపిస్తే ఎదుటివాళ్ల మాటలో నిజం ఉన్నట్టే. ఒప్పుకో. అండమాన్‌లో బ్రిటిష్ వాళ్లు తెచ్చి వదిలిన చుక్కల జింకలు, వేటాడేవి లేక పెరిగిపోయి, అక్కడి అడవిలో మొక్క ఎదగనివ్వని పరిస్థితి తెచ్చాయి. జింక మీద మనకెంత ప్రేమ ఉన్నా ఇది దాచకూడదు. దాచిన రోజున నీ మిగతా మాటలు కూడా ఎవరూ నమ్మరు.

తరలింపు గురించి నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ఇప్పటిదాకా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చాలా ఏళ్ల కింద, ఒక సంస్థ ఆవరణలో జింకల్ని పట్టి వేరేచోట వదలాలని మమ్మల్ని పంపారు. రెండు రోజుల్లో పని ముగించాలన్నారు. వలలు కట్టి, మనుషుల్ని వరసగా నిలబెట్టి, డబ్బాలు కొట్టి తరిమాం. ఒక ఆడ జింక మూడుసార్లు వల దాకా వచ్చి వెనక్కి తిరిగింది, నాలుగోసారి పడింది. దాని కళ్లకు నా తువాలు కట్టాను. ఒళ్లు నిప్పులా కాలుతోంది, నాలుక బయటికి వచ్చింది. నా మోచేతి కింద దాని గుండె ఎంత వేగంగా కొట్టుకుందో ఇప్పటికీ గుర్తుంది. ఎక్కడా గాయం లేదు, కాలు విరగలేదు. బాగానే ఉందనుకుని వ్యాన్ ఎక్కించాం. తెల్లారేసరికి వెనక కాళ్లు పనిచెయ్యలేదు, తల ఎత్తలేదు, నీళ్లు ముట్టలేదు. మధ్యాహ్నానికి పోయింది. డాక్టరు గారు కోసి చూస్తే కడుపులో పిల్ల ఉంది. భయంతో అంతసేపు పరిగెత్తితే కండరాలు లోపలే చెడిపోతాయని, ఆ విషం కిడ్నీలను దెబ్బతీస్తుందని ఆయన చెప్పేదాకా నాకు తెలియదు. దాన్ని క్యాప్చర్ మయోపతీ అంటారు. కొన్ని రోజుల తర్వాత కూడా చంపగలదట. మేం చంపడానికి వెళ్లలేదు చిన్నీ, కాపాడటానికే వెళ్లాం.

అందుకే ‘కదలనివ్వం’ అనకుండా, ‘ఎలా, ఎక్కడికి, ఎవరు, ఏ నెలలో’ అని అడుగు. బోమా అనే పద్ధతి ఒకటుంది, ఆఫ్రికా నుంచి వచ్చింది. గరాటు ఆకారంలో దడి కట్టి, లోపల రోజుల తరబడి మేత, నీళ్లు పెట్టి, అవే నడిచి లోపలికి వచ్చి, అవే లారీ ఎక్కేలా చేస్తారు. మనిషి చెయ్యి పడదు. మధ్యప్రదేశ్‌లో ఇలాగే తరలిస్తున్నారు. దీనికి వారాలు పడుతుంది, ఖర్చు ఎక్కువ. తప్పదంటే ఆ ఖర్చుకు సిద్ధపడమని అడగడం నీ హక్కు. ఢిల్లీలో హౌజ్ ఖాస్ జింకల పార్క్ సంగతి చూడు. 1960లలో ఆరు జింకలతో మొదలై వందలకు చేరాయి. 2023లో సెంట్రల్ జూ అథారిటీ గుర్తింపు రద్దు చేసింది, రాజస్థాన్‌కు తరలించడం మొదలుపెట్టారు. అక్కడివాళ్లు ఊరికే నినాదాలు చెయ్యలేదు. ఎలా పంపుతున్నారు, పంపినవి ఏమయ్యాయి అని కోర్టులో అడిగారు. 2025లో సుప్రీంకోర్టు తరలింపు ఆపించి, తన కమిటీని వెళ్లి చూసి రమ్మంది.

కాల్చేస్తారు అన్నాయన మాట అబద్ధం కాదు. అమెరికాలో తెల్లతోక జింకలు ఎక్కువైన ఊళ్లలో, కార్లకు అడ్డం పడుతున్నాయని, పిడుదుల వల్ల లైమ్ జ్వరం వస్తోందని, షూటర్లను పెట్టి తగ్గిస్తారు. కానీ అదే దేశంలో, న్యూయార్క్‌లోని స్టాటెన్ ఐలాండ్‌లో, 2016లో మగ జింకలకు వేసెక్టమీ, అంటే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, చెయ్యడం మొదలుపెట్టారు. ఈ సంగతి మీటింగ్‌లో గొంతు పెంచకుండా చెప్పు. ఆయన్ని నలుగురిలో చిన్నబుచ్చకు. పిల్లలు పుట్టకుండా చేసే మార్గం ఇక్కడ నడుస్తుందో లేదో వెటర్నరీ వాళ్లు, అటవీశాఖ తేల్చాలి. పరిశీలించమని మాత్రం అర్జీలో అడుగు.

మీటింగ్ కన్నా ముందు ఆయన ఇంటికి వెళ్లు. ఒక్కదానివే వెళ్లు, అర్జీ పట్టుకుపోకు. రాత్రిపూట స్కూటర్‌కు జింక అడ్డం వచ్చి పడిపోయినవాళ్లు, పెంచుకున్న కూరగాయల మడి మొత్తం ఒక్క రాత్రిలో పోగొట్టుకున్నవాళ్లు, కొమ్ముల మగదాన్ని చూసి పిల్లల్ని ఆడుకోనివ్వనివాళ్లు మీ క్వార్టర్స్‌లో ఉంటారు. వాళ్ల భయం నిజమైనదే. ఏ రోడ్డు మీద, ఎన్నింటికి అని అడిగి రాసుకో. ఆ రోడ్డుకు స్పీడ్ బ్రేకర్లు, ఆ మడికి కంచె, ఆ పిల్లల గ్రౌండ్‌కు లైటు కావాలని అర్జీలో మొదట అడగాల్సింది నువ్వే. చప్పట్లు కొట్టినవాళ్లలో కొందరు సంతకం పెడతారు, నా మాట నమ్ము.

కుక్కల సంగతి కూడా తేల్చాలి. నగరం మధ్యలో ఉన్న మందలకు తుపాకీ కంటే పెద్ద గండం ఊరకుక్కల గుంపులు. ఆపరేషన్లు, టీకాలు, హాస్టల్ వెనక తిండి పారబోయకుండా చూడడం, ఇవన్నీ మీ క్యాంపస్ చెయ్యగలిగినవే. మీవాళ్లు కూడా జింకలకు బిస్కెట్లు, చపాతీలు, మిగిలిన అన్నం పెట్టడం మానాలి. గడ్డి తినే కడుపు అది. పిండి పదార్థం ఎక్కువైతే పొట్టలో ఆమ్లం పెరిగి చచ్చిపోతుంది. పైగా చేతి తిండి మరిగిన జింక మనిషి వెంట పడుతుంది, రేపు అదే ‘ప్రమాదకరం’ అని కాగితానికి ఎక్కుతుంది. వేసవిలో నీళ్ల తొట్లు పెట్టాలనుంటే, పిల్ల పడినా బయటికి రాగలిగేలా పళ్లెంలా వాలుగా కట్టించండి.

ఫోటోల విషయంలో చాలా జాగ్రత్త. 2025లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పక్కన కంచ గచ్చిబౌలిలో బుల్డోజర్లు దిగినప్పుడు అక్కడి విద్యార్థుల పోరాటం నిజం, చెట్లు పోయింది నిజం. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపించింది. కానీ మధ్యలో ఏఐతో తయారైన జింకల బొమ్మలు కొన్ని తిరిగాయి. దాంతో చెట్ల గురించి జరగాల్సిన చర్చ కొంత బొమ్మల మీదికి పోయింది, కేసుల దాకా వచ్చింది. మీ గ్రూప్‌లో ఎవరైనా ఏడుస్తున్న జింక బొమ్మ పెడితే వెంటనే తీయించు. మీరు తీసిన ఫోటో, తేదీ, చోటు, అంతే.

అర్జీ ఒకటిన్నర పేజీ దాటకూడదు. మీ సంస్థ అధిపతికి ఒకటి, సైఫాబాద్ అరణ్య భవన్‌లో చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ కార్యాలయానికి ఒకటి. రెండింటికీ రసీదు ముద్ర వేయించుకో. చుక్కల జింక మన తెలంగాణ రాష్ట్ర జంతువని ఒక్కసారి రాయి, చాలు. లెక్క కాగితం వెనక జతచెయ్. లెక్క పూర్తయ్యేదాకా, అటవీశాఖ మనిషి వచ్చి చూసేదాకా తీర్మానం వాయిదా వేయమని అడుగు. వాయిదా అడిగితే ఎవరికీ కాదనడానికి కారణం దొరకదు.

ఆదివారం నేను వస్తాను. మోకాళ్లు సహకరించినంత దూరం నడుస్తాను. అయిదింటికల్లా గేట్ దగ్గర ఉండు, పాస్ రాయించి పెట్టు. నీతో వచ్చేవాళ్లకు తెల్ల చొక్కాలు, సెంట్లు వద్దని చెప్పు. రూళ్ల పుస్తకం, పెన్సిల్ తెచ్చుకో, మంచుకు పెన్ను రాయదు. మీ చెరువు వైపు ముక్క మనిద్దరికీ ఉంచు.

ఉంటాను,
పెద్దనాన్న
వనస్థలిపురం