మీ ప్రశ్న – మా జవాబు: నోవహు ఓడకు ముందున్న ఓడలు

ప్రశ్న: అయ్యగారూ, వందనాలు. పదేళ్లుగా మా చర్చిలో సండే స్కూల్ చెబుతున్నాను. డిగ్రీ చదివే మా అబ్బాయి ఫోన్‌లో ఏదో వీడియో చూసి "అమ్మా, నోవహు కథ బాబిలోను వాళ్ల దగ్గర కాపీ కొట్టిందట" అంటున్నాడు. వాళ్ల నాన్న కోప్పడితే రెండు రోజులు ఇంట్లో మాటల్లేవు. నాకు టెన్షన్‌గా ఉంది. ఇందులో నిజమెంత?
– ఒక సోదరి, తెనాలి

జవాబు: అమ్మా, మీ అబ్బాయి చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. అంతకంటే పాత కథ ఉన్న మాట నిజమే, కాపీ అన్న మాట మాత్రం నేను ఒప్పుకోను.

ఈ సంగతి లోకానికి తెలిసింది 1872లో. లండన్ బ్రిటిష్ మ్యూజియంలో జార్జ్ స్మిత్ అనే ఆయన, చిన్నప్పుడే చదువు ఆపేసి బ్యాంకు నోట్ల అచ్చులు చెక్కే పనిలో చేరినవాడు, నీనెవె శిథిలాల్లో దొరికిన మట్టి పలకలు సొంతంగా చదవడం నేర్చుకుని, వాటిలో ఒకదాని మీద వరద, కొండమీద ఆగిన ఓడ, ఎగరేసిన పావురం కనబడేసరికి ఉద్వేగం ఆపుకోలేకపోయాడట. ఆ డిసెంబరు 3న దాన్ని సభలో చదివి వినిపిస్తే ప్రధానమంత్రి గ్లాడ్‌స్టన్ కూడా వచ్చి కూర్చున్నాడు. అది గిల్గమేష్ అనే పాత బాబిలోను వీరగాథలో 11వ పలక. యోనా వెళ్లిన నీనెవెయే అది, మీ పిల్లలకు తెలిసిన ఊరే.

ఆ పలకలో దేవతలు వరద తెప్పించాలని తీర్మానించుకుంటారు, మనుషులకు చెప్పకూడదని ఒట్టు పెట్టుకుంటారు. కానీ ఎయా అనే దేవుడు, ఆ కథలో నోవహులాంటివాడైన ఉత్నపిష్తిమ్‌ను కాపాడాలనుకుంటాడు. మనిషితో నేరుగా చెబితే ఒట్టు తప్పినట్టవుతుంది కాబట్టి అతని ఇంటి రెల్లుగోడతో మాట్లాడతాడు: "రెల్లుగోడా, విను, ఇల్లు పడగొట్టు, ఓడ కట్టు, ఆస్తి వదులు, ప్రాణం దక్కించుకో." ఆ తర్వాత జంతువులు ఎక్కడం, గాలివాన, కొండమీద ఓడ ఆగడం, పక్షుల్ని వదలడం అన్నీ వస్తాయి. అక్కడ పావురం, వానకోవెల తిరిగొస్తాయి, కాకి రాదు. ఆదికాండంలో కాకి ముందు, పావురం తర్వాత. ఇంత దగ్గరగా ఉన్నవి యాదృచ్ఛికంగా కలిశాయంటే నాకు నమ్మబుద్ధి కాదు.

నీనెవె పలకలు క్రీ.పూ. 7వ శతాబ్దానివి, కానీ కథ అప్పటిది కాదు. అత్రహాసిస్ అనే కావ్యంలో ఇదే వరద ఉంది, దాని పలకలు క్రీ.పూ. 17వ శతాబ్దం నాటివి. ఇంకొక పలకను ఇర్వింగ్ ఫింకెల్ అనే పండితుడు 2014లో ప్రచురించాడు, అది కూడా సుమారు 3,700 ఏళ్ల నాటిదే. అందులో దేవుడు ఓడను గుండ్రంగా కట్టమంటాడు! తాడు చుట్టలు చుట్టి, లోపలా బయటా తారు పూసి. మన కృష్ణ, తుంగభద్రల్లో జాలర్లు తిప్పుకునే పుట్టి ఉందే, అదే ఆకారం, కాకపోతే కొలత మాత్రం చిన్న పొలమంత. యూఫ్రటీసు, టైగ్రిసు నదుల్లో అలాంటి తారు పూసిన పుట్టిలు మొన్నమొన్నటిదాకా తిరిగాయి.

ఇక్కడ మీ బైబిల్ ఒకసారి తెరవండమ్మా. ఆదికాండము 6:14లో ఓడకు లోపలా వెలుపలా "కీలు" పూయమని ఉంటుంది. నిర్గమకాండములో మోషే పెట్టెకు పూసింది కూడా తెలుగులో కీలే. కానీ హెబ్రీలో అవి రెండూ ఒకే మాట కాదు. మోషే దగ్గర హెబ్రీ వాళ్లు మామూలుగా వాడే మాటలున్నాయి, నోవహు దగ్గర మాత్రం "కోఫెర్" అని ఉంది, తారు అనే అర్థంలో ఆ మాట బైబిల్ మొత్తంలో అక్కడ ఒక్కచోటే వస్తుంది. బాబిలోను భాషలో తారుకు మాట "కుప్రు", ఉత్నపిష్తిమ్ కొలిమిలో కరిగించి పోసింది అదే. తారు మాట కూడా కథతో కలిసి ప్రయాణం చేసిందని నాకు అనిపిస్తుంది.

మరి ఎలా వచ్చింది? చాలామంది బబులోను చెర పేరు చెబుతారు. క్రీ.పూ. 586లో యెరూషలేము కూలిపోయాక యూదులు ఆ గడ్డమీదే బతికారు కాబట్టి అది సాధ్యమే. కానీ ఇశ్రాయేలులోని మెగిద్దోలో గిల్గమేష్ పలక ముక్క ఒకటి దొరికింది, అది క్రీ.పూ. 14వ శతాబ్దం నాటిది. అంటే చెరకు ఎన్నో వందల ఏళ్ల ముందే ఆ కథలు కనాను దేశంలో తిరుగుతున్నాయి.

ఇక కాపీ సంగతి. అత్రహాసిస్‌లో దేవతలకు కోపం ఎందుకొచ్చిందో తెలుసా? మనుషులు ఎక్కువైపోయి గోల చేస్తుంటే దేవతల పెద్ద ఎన్లిల్‌కు నిద్ర పట్టక. ఆదికాండంలో కారణం భూమి బలాత్కారంతో నిండిపోవడం. అక్కడ వరద తగ్గాక బలి అర్పిస్తే, అన్నాళ్లూ ఆకలితో ఉన్న దేవతలు ఈగల్లా మూగుతారు. ఇక్కడ యెహోవా "ఇంపయిన సువాసన" ఆఘ్రాణించి, ఇక నరుల కోసం నేలను శపించను అంటాడు. ఆ వాసన మాట పాత కథలోంచి వచ్చి నిలబడింది, ఆకలి మాత్రం పోయింది. ఇంత ఆలోచించి మార్చినవాడిని కాపీ కొట్టాడు అనడం అన్యాయం. దేవుడంటే ఎవరని వాళ్లు నమ్మారో ఆ మార్పుల్లోనే ఉంది. మీరూ మీ అబ్బాయీ పక్కపక్కన కూర్చుని ఈ రెండూ చదవండి, వాళ్ల నాన్నను కూడా పిలవండి.

ప్రశ్న: ఇవన్నీ మన మత్స్యావతారం నుంచి వెళ్లినవే కదా?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: తేదీలు అలా చెప్పడం లేదండీ. మనువూ చేపా కథ మనకు మొదట కనిపించేది శతపథ బ్రాహ్మణం అనే వేదకాలపు గ్రంథంలో, అది అత్రహాసిస్ పలకల తర్వాతి కాలానిది. అందులో చేప ఇంకా విష్ణువు కూడా కాదు. పోతన భాగవతంలో మనం చదివే సత్యవ్రతుడి కథ ఇంకా ఎంతో తర్వాతిది. అటునుంచి ఇటు వచ్చిందనడానికి కూడా గట్టి ఆధారం లేదు. నదుల పక్కన బతికినవాళ్లకు వరద భయం ఎవరూ నేర్పక్కర్లేదు.

ప్రశ్న: మోషేను పెట్టెలో వదలడం, కర్ణుడిని వదలడం ఒకటేనా?
– ఒక విద్యార్థిని, ఖమ్మం

జవాబు: చక్కటి ప్రశ్నమ్మా. ఈ వరసలో మూడోవాడు కూడా ఉన్నాడు, నేటి ఇరాక్ ప్రాంతంలోని పాత అక్కద్ రాజ్యపు రాజు సర్గోను. పూజారిణి అయిన తల్లి అతన్ని రహస్యంగా కని, రెల్లుబుట్టలో పెట్టి, మూతకు తారు పూసి యూఫ్రటీసులో వదిలిందని, నీళ్లు తోడే అక్కి అనేవాడు తీసి పెంచాడని ఒక కథ ఉంది. సర్గోను క్రీ.పూ. 2300 ప్రాంతపువాడు, అయితే ఆ కథ దొరికిన ప్రతులు అతని తర్వాత చాలా కాలానివి. కర్ణుడి పెట్టెకు మైనం, మోషే జమ్ముపెట్టెకు జిగటమన్ను, కీలు.

కానీ తేడా చూడు. కుంతి బిడ్డను దాచింది పరువు కోసం, సర్గోను తల్లి కూడా అందుకేనేమో. మోషే తల్లి దాచింది ఫరో మగపిల్లల్ని చంపిస్తున్నాడు కాబట్టి. ఆమె పెట్టెను ప్రవాహంలో వదిలేయదు, ఒడ్డున జమ్ములో ఉంచుతుంది. దానికేమవుతుందో చూడ్డానికి బిడ్డ అక్క దూరంగా నిలబడుతుంది, ఫరో కూతురు పెట్టె తెరవగానే దగ్గరికి వెళ్లి "పాలివ్వడానికి ఒక హెబ్రీ ఆమెను పిలుచుకు రమ్మంటారా" అని అడిగి, తీసుకొచ్చింది బిడ్డ కన్నతల్లినే.