అత్త కోసం చేయి చాపొచ్చా?

ప్రశ్న: మా మేనత్త పొదిలి దగ్గర సర్కారు బడిలో టీచరుగా చేసి రిటైరైంది. పెళ్లి చేసుకోలేదు. నాకు అ ఆలు దిద్దబెట్టింది ఆమే. కొంగున ఎప్పుడూ సుద్దపొడి ఉండేది. మొన్న పోయింది. ఉన్నదంతా ఆస్పత్రికే అయిపోయి, అప్పు చేసి దహనం చేశాం. పెద్దకర్మకు ఆమె శిష్యులను డబ్బు అడగాలంటే నోరు రావడం లేదు.

జవాబు: అడుగు తల్లీ. నాకు ఎక్కాలు నేర్పిన మాస్టారు పోయినప్పుడు నాకెవరూ కబురు చెప్పలేదు, ఆ బాధ ఇంకా ఉంది. అప్పెంతో, దేనికో దాచకుండా చెప్పు. పది రూపాయలిచ్చినా పేరు పుస్తకంలో రాయి. భోజనాలు తగ్గించు. 21 రోజుల్లోపు మరణం నమోదు చేయించు. అత్త పెన్షనరు కాబట్టి మట్టి ఖర్చుల గురించి, అంటే అంత్యక్రియలకు సర్కారు ఇచ్చే డబ్బు గురించి, ట్రెజరీ ఆఫీసులో కనుక్కో. ఆమె ఫొటో పక్కన ఓ సుద్దముక్కల డబ్బా పెట్టమ్మా.